తిట్టు వెల

29 ఆగస్టు 2025, శుక్రవారం
విజయనగరం

ఇవాళ గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. ప్రార్థన వేళ పిల్లలకి ఆయన ఊరు చెప్పాను. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు, పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉండి సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు కట్టారు అన్నాను. మన మాట మన నోటి వెంట వచ్చినట్టే పుస్తకంలోకి రావాలని పోరాడిన మనిషి మన పక్క ఊరివాడని తెలిస్తే పిల్లల మొహాలు విచ్చుకుంటాయి. ఏటా చూస్తున్నదే అయినా నాకు సంబరంగానే ఉంటుంది.

మధ్యాహ్నం నాటకం మొదలుపెట్టాం. వచ్చే నెల 21న గురజాడ జయంతికి ‘కన్యాశుల్కం’లో చివరి ఘట్టం తొమ్మిదో తరగతి వాళ్ళచేత వేయిస్తున్నాను. గిరీశం వేషం కట్టేవాడు తన మాటలు చదువుకుంటూ ఆగిపోయాడు. “డామిట్ అంటే ఏటి మేడమ్? మన తాటిపూడి డ్యామా?” అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. వాడు అడిగింది సబబే. తెలుగులో రాస్తే నీళ్ళకు కట్టే డామూ, నోటి వెంట వచ్చే డామూ ఒక్కలాగే కనిపిస్తాయి. రెండింటికీ పుట్టుకలో ఏ చుట్టరికమూ లేదని చెప్పి, ఇది తిట్టు అన్నాను.

“ఎవుల్ని తిట్టినట్టు మేడమ్?”

నేను దీనికి జవాబు చెప్పేలోపే గంట కొట్టారు. గిరీశం ఆ మాట అనేటప్పుడు ఎదట మనిషి లేడు, తిట్టులో పేరూ లేదు. మరి అది ఎవరికి తగలాలి?

31 ఆగస్టు, ఆదివారం

పొద్దుట వంట తొందరగా ముగించుకుని నిఘంటువులు ముందేసుకున్నాను.

ఈ మాటకు తల్లి లాటిన్. ‘డామ్నుమ్’ అంటే నష్టం, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే నష్టానికి కట్టే జరిమానా. దాని వెనకనున్న పాత ధాతువుకి ఖర్చు అని అర్థమట. రోమనుల న్యాయశాస్త్రంలో ఒకడి పశువునో బానిసనో మరొకడు పాడుచేస్తే ఇంత కట్టాలి అని తేల్చేచోట ఈ మాట ఉంది. అంటే మొదట్లో ఇందులో కోపం లేదు, లెక్క ఉంది. అక్కడినుంచి ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చింది. న్యాయాధికారి విధించే శిక్ష కాస్తా దేవుడు విధించే శిక్ష అయింది. చచ్చాక నరకానికి పంపడమన్న అర్థం స్థిరపడింది. ఆ తరవాత ఎవడి మీద కోపం వచ్చినా వాణ్ణి నరకానికి పొమ్మనడం తిట్టయింది. వాడగా వాడగా నరకం కూడా అరిగిపోయి, ఉత్త చిరాకూ చీదరా మిగిలాయి.

సాయంత్రం ప్లీడరు మామయ్య వస్తే చెప్పాను. ఆయన చెయ్యెత్తి నన్ను ఆపేశాడు. “నాకు తెలియకపోవడమేవిటే, నలభయ్యేళ్ళు దాంతోనే కదా అన్నం తిన్నాను! డ్యామేజీ దావా అంటే మరేవిటనుకున్నావు?” అన్నాడు. నిజమే. డ్యామేజీ, ఇండెమ్నిటీ బాండు, కండెమ్ చేసిన బిల్డింగు, అన్నీ ఆ ఒక్క తల్లి పిల్లలే. ఇంగ్లీషు ముక్క రాని రైతు కూడా బ్యాంకులో ఇండెమ్నిటీ బాండు మీద వేలిముద్ర వేస్తాడు, సంతలో డ్యామేజీ సరుకు ఎంతకిస్తావని బేరమాడతాడు. తిట్టు ఒక్కటే గిరీశం నోట్లో పడి పేరు తెచ్చుకుంది గానీ, దాని అన్నదమ్ములు మన తాలూకాఫీసుల్లో ఎప్పటినుంచో కాపరం చేస్తున్నారు.

మామయ్య వెళుతూ వెళుతూ ఇంకొకటి చెప్పాడు. నష్టం జరిగినంత మాత్రాన దావా చెల్లదట. హక్కుకి భంగం కలిగితేనే చెల్లుతుందట. దానికి లాటిన్ సూత్రం ఒకటి ఇప్పటికీ మన కోర్టుల్లో నడుస్తోంది. అందులోనూ ‘డామ్నుమ్’ ఉంది.

3 సెప్టెంబరు, బుధవారం

బడి నుంచి వచ్చేసరికి తల నొప్పి. కొంచెమే రాస్తాను.

ఇంగ్లీషువాళ్ళు ఈ మాటకి భయపడ్డారు. చాలాకాలం అచ్చులో మొదటి అక్షరమూ చివరి అక్షరమూ వేసి మధ్యలో గీత పెట్టేవారు. 1611 నాటి బైబిల్లో ఉన్న ఈ మాటని 1881లో సవరించిన కొత్త నిబంధనలోంచి తీసేసి, దాని చెల్లెలు ‘కండెమ్’ని పెట్టారు. వీధిలో నలిగిన మాట గుడిలో పనికిరాదనుకున్నారు కాబోలు. తెలుగు బైబిల్లో ఆ చోట ‘శిక్ష’ అనే ఉంది. పాతర్థానికి అదే దగ్గర. తెలుగులో సువార్తల అనువాదం మన విశాఖపట్నంలోనూ సాగింది. 1805లో లండన్ మిషన్ వాళ్ళు వచ్చి ఆ పనికి పూనుకున్నారు.

ఫ్రెంచి నాటకకర్త బోమార్షే 1784లో ఆడిన ‘ఫిగారో పెళ్ళి’లో ఒక పాత్రచేత ఇదే మాట గురించి పెద్ద ప్రసంగం చేయించాడు. ఈ ఒక్క తిట్టు వస్తే చాలు, ఇంగ్లండులో దేనికీ లోటుండదని ఆ పాత్ర నమ్మకం. అది చదువుతుంటే గిరీశమే కళ్ళముందు మెదిలాడు. శిష్యుడు వెంకటేశం తల్లి ముందు ఇంగ్లీషులో మాట్లాడమంటే గురుశిష్యులు బడి పద్యాలూ పాఠాల ముక్కలూ ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. ఆవిడేమో కొడుక్కి ఎంత చదువొచ్చిందోనని పొంగిపోతుంది. నాకు ఆ ఘట్టంలో నవ్వు కంటె జాలి ఎక్కువ కలుగుతుంది, వెంకమ్మ మీద. ఇంగ్లీషు మీడియం ఫీజు కట్టి, పిల్లాడు ఇంటికొచ్చి రెండు పద్యాలు వప్పజెబితే మురిసిపోయే తల్లులు నా క్లాసు పిల్లల ఇళ్ళలో ఇవాళా ఉన్నారు. ఆ ఆశని వెక్కిరించే హక్కు ఎవరికీ లేదు.

మరొకటి. ‘గాన్ విత్ ద విండ్’ సినిమా 1939లో వచ్చినప్పుడు హీరో ఆఖరి మాటలో ఇదే తిట్టుందని హాలీవుడ్డులో పెద్ద గొడవైంది. మన విజయనగరంలో గురజాడ అప్పారావుగారు 1909 నాటి రెండో కూర్పుకే గిరీశం ఆఖరి మాటలో దాన్ని పెట్టేశారు. ముప్ఫయ్యేళ్ళ ముందు!

7 సెప్టెంబరు, ఆదివారం

అమ్మ దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఇదంతా చెప్పాను. “ఏవిటే, ఇంగ్లీషు తిట్టుకి ఇంత వంశవృక్షవా?” అంది. కాసేపాగి, “మా నాన్న ఎవణ్ణైనా తీసిపారెయ్యాలంటే దమ్మిడీకి కొరగాడు అనేవారు” అంది.

ఈ కబురు అక్కడినుంచి ఇంకో దారి పట్టింది. యూల్, బర్నెల్ కలిసి కూర్చగా 1886లో వచ్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో ఒక ఊహ ఉంది. దేన్నైనా లక్ష్యపెట్టను అనడానికి ఇంగ్లీషువాళ్ళు డామ్ పేరెత్తుతారు కదా, ఆ డామ్ తిట్టు కాదు, మన దేశపు ‘దామ్’ అనే రాగి నాణెం పేరు అయివుండవచ్చు అని. బర్నెల్ మద్రాసు రాజధానిలో కొలువు చేసినవాడు. అక్బరు కాలంలో రూపాయికి 40 దాములు. ఊహ అందంగానే ఉంది గానీ ఆక్స్‌ఫర్డు నిఘంటువు వాళ్ళు ఒప్పుకోలేదు, ఆధారాలు లేవన్నారు. నాకూ వాళ్ళ మాటే సరైనదనిపిస్తుంది.

అయితే ఇంగ్లీషువాడికి పొసగని కథ మనకు అక్షరాలా పొసగింది. మన దమ్మిడీ నిజంగానే దాము బిడ్డ. దాముకి సంస్కృతంలో ‘ద్రమ్మ’, దానికి ముందు గ్రీకుల ‘ద్రాఖ్మా’. అణాకి పన్నెండు దమ్మిడీలు, రూపాయికి 192. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న, దమ్మిడీ చలామణీ అంతకు పదేళ్ళ ముందే ఆగిపోయింది. అయినా మా బడి ఆయా మొన్న తాగొచ్చిన అల్లుణ్ణి పట్టుకుని “దమ్మిడీ ఇలవ సెయ్యని నాయాలు” అని గుమ్మంలోనే నిలబెట్టి కడిగేసింది. ఆవిడ దమ్మిడీని కళ్ళతో చూసి ఉండదు.

అటు లాటిన్‌లో జరిమానా, ఇటు మన నోట్లో చిల్లర నాణెం. తీసిపారెయ్యడం అంటే మనిషికి వెల కట్టడం. ఎవరి చేతిలో డబ్బు సంచి ఉంటే వాళ్ళు కడతారు. ఇది రాసుకున్నాక నిన్నటిదాకా లేని కోపం వచ్చింది.

10 సెప్టెంబరు, బుధవారం

మూడో పీరియడ్‌లో వెనక బెంచీల్లో కొట్లాట. “పోరా ఎదవా!” అని ఒకడు, “నువ్వే ఎదవ్వి” అని ఇంకొకడు. విడదీసి కూర్చోబెట్టాక అడిగాను, ఎదవ అంటే ఎవరని. “పనికిమాలినోడు మేడమ్.” “దొంగెదవ మేడమ్.” ఒక ఆడపిల్ల మాత్రం, “మొగుడు సచ్చిపోయినామె. విధవ” అంది మెల్లిగా.

ఆ పిల్లకి ఎలా తెలిసిందో అడగలేదు. అడగకూడదనిపించింది.

మన తిట్లలో ఇంతకంటె ఎక్కువగా వాడేది లేదు. తండ్రి కొడుకుని అంటాడు, మేష్టారు పిల్లల్ని అంటాడు, స్నేహితుడు ముద్దుగా అంటాడు. సినిమాల్లో హాస్యగాడు అనని రీలు లేదు. మగవాణ్ణి తగ్గించి మాట్లాడాలంటే మొగుడు పోయిన ఆడదాని పేరు పెట్టి పిలిస్తే చాలు. రెండోది, ‘ముండ’. దానర్థం గొరిగిన తల. తొమ్మిదేళ్ళ పిల్లకి తల గొరిగించి, ఆ గొరిగిన తలనే తిట్టుగా మార్చుకున్నాం. ఇంగ్లీషువాడి తిట్టులో పాపం చేసినవాడికి శిక్ష పడుతుంది. మన తిట్టులో ఏ పాపమూ ఎరగని పిల్లకి పడింది.

అమ్మమ్మ అక్కగారు గుర్తొస్తోంది. మేం దొడ్డమ్మామ్మ అని పిలిచేవాళ్ళం. కాపరానికి వెళ్ళకముందే పెళ్ళికొడుకు పోయాడట. ఆవిడకి అతని మొహం గుర్తులేదు. నాకు తెలిసేనాటికి ముసలిది. తెల్లపంచ, నెత్తిన ముసుగు, మడి వంట. ఇంటిల్లిపాదికీ వండిపెట్టి తను ఒక్కపూట తినేది. అమ్మ చెప్పిన మాట ఇది. తాతయ్యగారు ఓ రోజు లెక్క తప్పు చేసిన పెద్దమావయ్యని “వెధవా, వెధవన్నర వెధవా” అని వాయిస్తూంటే, వడ్డిస్తున్న దొడ్డమ్మామ్మ గరిటె కింద పెట్టి, “కోపం వాడి మీదా, పిలవడం నన్నూనా?” అందట. ఆ తరవాత తాతయ్యగారు ఆ ఇంట్లో ఆ మాట అనడం ఎవరూ వినలేదని అమ్మ అంటుంది. చుట్టూ ఇంతమంది పండితులున్నారు, ఈ ప్రశ్న అడగడానికి మాత్రం ఆవిడే కావలసి వచ్చింది.

సాయంత్రం ‘కన్యాశుల్కం’ పీఠిక మళ్ళీ తీశాను. నాటకం 1892లో ఇక్కడ జగన్నాథ విలాసినీ సభ వాళ్ళు మొదట ఆడారు. అచ్చయింది 1897లో, అంకితం ఆనంద గజపతి మహారాజుకి. పీఠిక ఇంగ్లీషులో ఉంది. అందులో గురజాడవారు ఒక లెక్క చెబుతారు. అప్పటి విశాఖపట్నం జిల్లాలో, మన విజయనగరమూ అందులోదే, బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళు మహారాజావారు పట్టిక రాయించారు. 1,034 పెళ్ళిళ్ళు తేలాయి. ఏడాదికి సగటున 344. అందులో అయిదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది. నాలుగేళ్ళవాళ్ళు 44. మూడేళ్ళవాళ్ళు 36. రెండేళ్ళవాళ్ళు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ముగ్గురు పసికందులకీ పలికిన ధర తలకి 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డలకి కూడా బేరాలు కుదిరేవని రాశారు.

దమ్మిడీల్లో లెక్క వేశాను. 350 రూపాయలంటే 67,200. ఇంత ధర పలికిన పిల్ల, ఆ ధర కట్టిన ముసలి మొగుడు కన్ను మూసిన మర్నాటి నుంచీ దమ్మిడీ విలువ లేని ముండ. ధర తండ్రి పుచ్చుకున్నాడు, తిట్టు కూతురి నెత్తిన పడింది.

లాటిన్‌వాడి ‘డామ్నుమ్’ ఇక్కడ ఎవరికి రావాలి? హక్కుకి భంగం కలిగితేనే దావా చెల్లుతుందని మామయ్య అన్నాడు. ఆ పిల్లకి హక్కే లేకుండా చేశాక ఏ కోర్టులో వెయ్యాలి? వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని 1856లో చట్టం వచ్చింది. రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి పెళ్ళి చేయించగలిగింది 1881 డిసెంబరు 11న. పాతికేళ్ళు చట్టం మన దగ్గర కాగితం మీదే ఉంది.

14 సెప్టెంబరు, ఆదివారం

శ్రీకాకుళంలో పెళ్ళి. భోజనాలయ్యాక బస్సుకి వేళుంటే కథానిలయం వైపు నడిచాను. కథకుడు కారా మాస్టారు తెలుగు కథల కోసం 1997లో పెట్టిన ఇల్లు. ఆయన ‘యజ్ఞం’ 1964 నాటిది. అప్పు తీర్చలేని అప్పల్రాముడి మీద ఊరు కూర్చుని తీర్పు చెప్పడమే కథలో చాలావరకు. తీర్పు చెప్పే పెద్దలు మర్యాదగానే మాట్లాడతారు, ఆ మర్యాదలోనే ఒక కుటుంబం బానిసత్వానికి రాసిచ్చేసినట్టవుతుంది. తిట్టు లేకుండా కూడా మనిషికి వెల కట్టవచ్చని నాకు మొదట చెప్పిన కథ అది.

బస్సులో నిలబడే వచ్చాను. కాళ్ళు లాగేస్తున్నాయి.

19 సెప్టెంబరు, శుక్రవారం

గిరీశం కుర్రాడు ‘డామిట్’ని సినిమాలోలా విరుస్తున్నాడు. చెయ్యి తిప్పి, పెద్దగా. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు గనక వాడికి అదే నచ్చుతోంది. ఇవాళ ఆపి కూర్చోబెట్టి చెప్పాను.

“ఎవుల్ని తిట్టినట్టు అని అడిగావు కదరా. ఆ వేళకి గిరీశం దగ్గర ఏం మిగిలింది చెప్పు?”

వాళ్ళే ఒక్కొక్కటీ చెప్పుకొచ్చారు. వితంతువు బుచ్చమ్మని లేవదీసుకొచ్చాడు, ఆవిడ దక్కలేదు. ఆస్తి మీద ఆశ పెట్టుకున్నాడు, అదీ పోయింది. వకీలు సౌజన్యారావు పంతులు దగ్గర మంచివాడనిపించుకున్నాడు, ఆయన నిజం తెలుసుకుని బయటికి నడవమన్నాడు. ఒకప్పుడు తనతో ఉన్న మధురవాణీ లేదు.

“అంటే లాస్ అయిపోనాడు మేడమ్” అన్నాడు సౌజన్యారావు వేషం వేసేవాడు.

అదీ సంగతి. నరకం అరిగిపోయి, కోపం అరిగిపోయి, ఆ మాట తన మొదటి అర్థం దగ్గరికి చేరింది. నాటకమంతా ఇంగ్లీషుతో ఊళ్ళోవాళ్ళ కళ్ళు కప్పినవాడు ఒక్కచోట, తెలియకుండానే, ఆ మాటని సరైన అర్థంలో అన్నాడు. గురజాడవారికి లాటిన్ లెక్క మనసులో ఉందో లేదో నేను చెప్పలేను. కానీ ఆయన కుర్రతనంలో ఇంగ్లీషులో కావ్యం రాసినవాడు, డైరీలు ఇంగ్లీషులో పెట్టినవాడు, మహారాజా కళాశాలలో పాఠం చెప్పినవాడు. ఏ మాట ఎక్కడ పెడితే ఎంత బరువో చేత్తో తూచినట్టు తెలిసినవాడు.

కుర్రాడు ఈసారి చెయ్యి తిప్పలేదు. ఖాతా పుస్తకం మూసినవాడిలా, గొంతు దించి అన్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వాడికి కొంచెం బెంగగా ఉంది, “బాగోలేదా మేడమ్?” అని రెండుసార్లు అడిగాడు. బాగుందిరా, ఇలాగే చెయ్యి అన్నాను.

బుచ్చమ్మ మాట కూడా పిల్లలకి చెప్పాను. ఆవిడ పూనాలోని వితంతు శరణాలయానికి చదువుకోడానికి వెడుతుంది. గిరీశం పోగొట్టుకున్నది ఆవిడని. ఆవిడ పోగొట్టుకున్నది గిరీశాన్ని, అంటే ఏమీ పోగొట్టుకోలేదు. ఆడపిల్లలు ఈ మాటకి గట్టిగా నవ్వారు. నాకు చాలా సంతోషం వేసింది.

20 సెప్టెంబరు, శనివారం

రేపే జయంతి. తెర లేవకముందు పీఠికలోని ఆ పెళ్ళిళ్ళ పట్టిక చదివి వినిపించాలని నిశ్చయించుకున్నాను. 1,034, 99, 44, 36, ఆరు, మూడు. అంకెలు చాలు, వ్యాఖ్య అక్కర్లేదు. సైన్సు మేష్టారు అడ్డం చెప్పారు. పండగపూట ఎందుకండీ అన్నారు, తల్లిదండ్రులు కూడా వస్తారు కదా అన్నారు. తల్లిదండ్రులు వస్తారనే అన్నాను. మన జిల్లాలో పదో తరగతి దాటకుండా పెళ్ళయిన పిల్లలు మా రిజిస్టర్లలోనే ఉన్నారు. వాళ్ళ పేర్ల ఎదుట బడి మానేసినట్టు రాసుకుంటాం, పెళ్ళయిందని రాయం. ఆయన ఇంకేమీ అనలేదు. మైకు సంగతి తను చూసుకుంటానన్నారు.

మొదట్లో నేనే చదవాలనుకున్నాను. ఇవాళ సాయంత్రం, ఆ రోజు ‘విధవ’ అని చెప్పిన పిల్ల వచ్చి తను చదువుతానంది. కాగితం ఇచ్చాను. ‘మూడు’ దగ్గర గొంతు ఆగిపోతోంది, రెండుసార్లు చదివించాను, రెండుసార్లూ అక్కడే. సర్దుకోవద్దని చెప్పాను. ఆగితే ఆగనీ, మళ్ళీ మొదలుపెట్టు అన్నాను. రేపు తొమ్మిదిన్నరకల్లా రమ్మన్నాను. వాళ్ళమ్మ కూడా వస్తానందట.